ఎర్ర సిరా కొట్టేసిన రీడింగులు

గుండు తిరిగొచ్చి పురుషోత్తం గడ్డానికి తగిలింది.

తగలకూడదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తగల్లేదు.

అనంతపురం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ అది. అక్కడ ఫిజిక్సు చెప్పే పురుషోత్తం ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసు ఇలాగే మొదలుపెడతాడు. పైకప్పు కొక్కేనికి తీగతో వేలాడే ఆరు కిలోల గుండును లాక్కొచ్చి గడ్డానికి ఆనించుకుంటాడు. తలను వెనక గోడకు ఆనిస్తాడు. గుండును తొయ్యకుండా ఊరికే వదిలేస్తాడు. అది హాలు అవతలి చివరిదాకా వెళ్ళి, ఆయన ముఖం మీదికే దూసుకొస్తుంది. ముందు బెంచీల్లో ఎవరో ఒకరు కళ్ళు గట్టిగా మూసుకుంటారు. గడ్డానికి వేలెడు దూరంలో గుండు ఆగి వెనక్కి మళ్ళుతుంది. వదిలిన చోటును మించి రావడానికి దానికి అదనంగా శక్తి ఎక్కడిది? పైగా దారిలో గాలి కొంత తినేస్తుంది. లెక్కను నమ్మినవాడికి దెబ్బ తగలదని ఆయన చెప్పే మాట సీనియర్లందరికీ కంఠస్థం.

ఈరోజు గడ్డం చీరుకుపోయి, రక్తం కాలరు మీద పడింది.

పిల్లలు నవ్వారు. సారు ముందుకు వంగినాడని వెనక బెంచీలో ఒకడన్నాడు. పురుషోత్తం వంగలేదు. తల గోడకు ఎంత గట్టిగా ఆనించాడంటే జుట్టుకు సున్నం అంటింది. చేతిరుమాలు గడ్డానికి అదుముకుని, ఇంకోసారి గుండును లాగి వదిలాడు. ఈసారి వదిలిన వెంటనే పక్కకు జరిగాడు.

తిరిగొచ్చిన గుండు, ఆయన తల ఉండాల్సిన చోట గోడను గుద్దింది. అరచెయ్యంత సున్నపుపెచ్చు ఊడి కింద పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండు చేతులా గుండును వాటేసి ఆపాడు. అటెండరు ఓబులేసుతో దాన్ని కొక్కెం నుంచి విప్పించి నేల మీద పెట్టించాడు. క్లాసు అయిపోయిందని చెప్పి వరండాలోకి వచ్చాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆయన పళ్ళు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి. అరచేతులు మంచుగడ్డ పట్టుకున్నట్టు తిమ్మిరెక్కాయి.

ఆ చలి ఆయనకు కొత్త కాదు. మూడు రోజులుగా కూతురి చెయ్యి పట్టుకున్న ప్రతిసారీ తగులుతున్న చలే అది.

*

మృదుల అదే కాలేజీలో రెండో ఏడు బీఎస్సీ చదువుతోంది. సెలవుల్లో ఒకరోజు చలిగా ఉందని రగ్గు కప్పుకుంది. తర్వాత రెండు రగ్గులు కప్పుకుంది. మూడు రోజుల కింద బాత్రూములో పడిపోతే ఊళ్ళోని ఆస్పత్రికి తీసుకొచ్చారు. జ్వరమైతే మందు ఉంది. ఇది జ్వరానికి ఎదురు. తొంభై ఎనిమిది ఉండాల్సిన ఒంటి వేడి రోజుకింత దిగుతూ ఈ ఉదయానికి తొంభై ఒకటికి వచ్చింది.

డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించింది. రక్తం, థైరాయిడు, షుగరు, అన్నీ బాగున్నాయి. వెచ్చటి సెలైను ఎక్కించారు, మంచం పక్కన హీటరు పెట్టారు. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే ఉందని ఆవిడే పెదవి విరిచింది. తొంభై దిగితే గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుందనీ, ఎనభై ఐదుకు దిగితే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదనీ చెప్పింది. కర్నూలు పంపడానికి అంబులెన్సు మాట్లాడుతున్నారు.

పురుషోత్తం వెళ్ళేసరికి భార్య సుగుణ మంచం దగ్గర కూతురి పాదాలు రుద్దుతోంది. భర్త గడ్డం మీది దెబ్బ చూసి ఏమైందని అడగలేదు.

"ఈడ పాప ఇట్ల పడుంటే ఆడ గుండుతో ఆడుకునేకి పోయినారా?" అంది.

మృదుల కళ్ళు తెరిచింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నాన్నా, నా రికార్డు దిద్దినావా?"

తర్వాత చూద్దాం లెమ్మన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. మాట్లాడాలంటే కష్టంగా ఉన్నా, చెప్పకుండా వదిలేలా లేదు.

"మూడుసార్లు చేసినా నాన్నా. మూడుసార్లూ అట్లే వచ్చింది. ఊపు తగ్గల్యా. పెరిగింది. నువ్వు నమ్మలేదు."

పురుషోత్తం చెయ్యి అప్రయత్నంగా గడ్డం మీదికి పోయింది. కూతురి వేళ్ళు ఒకసారి నొక్కి లేచాడు. ఎక్కడికని సుగుణ అడిగింది. కాలేజీకన్నాడు. ఆమె చూసిన చూపుకు ఇంకో రోజైతే ఆగిపోయి ఉండేవాడే.

*

స్టాఫ్ రూములో ఆయన బల్ల మీద నలభై రెండు ప్రాక్టికల్ రికార్డులు గుట్టగా ఉన్నాయి. మృదులది వెతికి తీశాడు. లోలకం ప్రయోగం పేజీ తిప్పాడు.

మొదటి పట్టిక. దారానికి కట్టిన చిన్న గుండును వదిలి, ఊపులు లెక్కపెట్టి, ఎన్ని సెకన్లు పట్టిందో రాయాలి. అంతే ప్రయోగం. మృదుల ఇంకో గడి కూడా గీసింది. ఇరవై ఊపులయ్యాక గుండు ఎంత దూరం పోతోందో స్కేలుతో కొలిచి రాసింది. వదిలినప్పుడు ఐదు సెంటీమీటర్లు. ఇరవై ఊపుల తర్వాత ఐదున్నర. నలభై తర్వాత ఆరూ పాయింట్ ఒకటి.

దాని మీద ఆయన ఎర్ర సిరా గీత. 'తప్పు. మళ్ళీ చెయ్యి.'

రెండో పట్టికలో మళ్ళీ అవే పెరిగే అంకెలు. మళ్ళీ ఎర్ర గీత. ఈసారి గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది. సారు కూతురికి మార్కులు ఊరికే పడతాయని ఎవరూ అనకూడదని, మిగతావాళ్ళ కన్నా ఆమె రికార్డును రెండింతలు కఠినంగా దిద్దుతాడాయన.

మిగతా రికార్డులు తెరిచాడు. ఒకటి, రెండు, పది. అన్నిట్లో ఒకే రీడింగులు. దశాంశాలతో సహా ఒకటే. అన్నిటికీ తను పెట్టిన టిక్కులు, సంతకాలు.

ఓబులేసును పిలిచాడు. యాభై దాటిన మనిషి, ల్యాబులో ప్రతి మేకూ తెలిసినవాడు. అడగగానే దాపరికం లేకుండా, అలమారా తలుపు లోపల అంటించి ఉన్న ప్లాస్టిక్ కవరు ఊడదీసి తెచ్చాడు. అందులో పసుపెక్కిన చీటీ. ఏ పొడవుకు ఎన్ని సెకన్లు రావాలో వరసగా రాసి ఉంది.

"పిల్లోళ్ళకు ఇదే ఇస్తా సార్. అందరికీ సరైన రీడింగులు వస్తే మీకూ దిద్దేకి సుళువు కదా. మృదుల పాపకూ ఇచ్చినా. వద్దనింది."

ఎప్పటినుంచి ఇస్తున్నావని పురుషోత్తం అడగలేదు. చీటీ మీది రాత తనదే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, ల్యాబులో పనిచేసే స్టాప్ వాచీ ఒక్కటి లేక, పరీక్ష నెత్తిమీదికొచ్చి, ఈ ఒక్కసారికి అనుకుని రాసిచ్చిన కాగితం.

నలభై ఒక్కమంది గుండును వేలాడదీసి, చూసేవాళ్ళ కోసం రెండు ఊపులు ఊపి, పట్టుకుని ఆపి, చీటీ చూసి రాసుకున్నారు. నిజంగా లెక్కపెట్టింది ఒక్క మృదుల.

"ఈ సంవత్సరం గుండ్లు మార్చి రాతివి పెట్టినావు కదా. ఆ రాయి యాడిది?"

ఓబులేసు చెప్పాడు. పోయినేడు పాత ఇనుప గుండు కొక్కెం విరిగింది, చిన్న ఇత్తడి గుండ్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. కొత్తవి కావాలని రాస్తే ఆఫీసు పలకలేదు. తొలకరి వానలు పడగానే అందరిలాగే తనూ వజ్రాలు వెతకడానికి వజ్రకరూరు వైపు చేలల్లోకి పోయాడు. వజ్రం దొరకలేదు గానీ, దున్నిన చాలులో టెంకాయంత నల్లరాయి దొరికింది. ఇనుము కన్నా బరువు. ముట్టుకుంటే ఎండలో కూడా చల్లగా ఉంది. బావమరిది పనిచేసే గ్రానైటు ఫ్యాక్టరీలో దాన్ని గుండ్రంగా కోయించి, మిగిలిన ముక్కలతో ఆరు చిన్న గుండ్లు చేయించాడు. కాలేజీకి పైసా ఖర్చు లేకుండా పని జరిపించినందుకు స్టాఫ్ మీటింగులో పురుషోత్తమే అతన్ని మెచ్చుకున్నాడు.

*

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో థర్మామీటరు ఉంది. పురుషోత్తం ఒక చిన్న గుండును స్టాండుకు కట్టాడు. థర్మామీటరు నాలుక కింద పెట్టుకుని చూశాడు. తొంభై ఎనిమిది. గుండును వదిలాడు.

ఓబులేసును స్టాండుకు ఆనుకుని నిలబడమన్నాడు. నలభై ఊపులు. గుండు ఊపు కంటికి కనిపించేలా పెరిగింది. పురుషోత్తం ఒంటి వేడి తొంభై ఏడున్నర. పక్కనే ఉన్న ఓబులేసుకు ఏమీ కాలేదు.

గుండును అలాగే ఊగనిచ్చి, పురుషోత్తం ల్యాబు దాటి, మైదానం దాటి, కాలేజీ గేటు దాకా నడిచాడు. ఎండలో నిలబడి చూసుకున్నాడు. తొంభై ఆరూ పాయింట్ తొమ్మిది. ఓబులేసుకు ఫోను చేసి గుండును ఆపమన్నాడు. ఐదు నిమిషాలకు ఒంట్లో వేడి మెల్లగా పైకి రావడం మొదలైంది.

ఆయనకు ఇంకే పుస్తకమూ అక్కర్లేకపోయింది. దగ్గరున్నవాళ్ళను ఆ రాయి ముట్టదు. ఎవరి చెయ్యి వదిలిందో వాళ్ళ ఒంట్లోంచే వేడి తీసుకుంటుంది, వాళ్ళు ఎంత దూరం పోయినా, కాకపోతే కాస్త నెమ్మదిగా. అది ఆగేదాకా. కానీ దానంతట అది ఆగదు. ఒంట్లోంచి పోయే వేడి ముందు గుండుకు పెరిగే ఊపు ఆవగింజంత. మిగతా వేడంతా ఎక్కడికి పోతోందన్న ప్రశ్న తలలో మెదిలింది. ఆలోచించడానికి టైము లేదు.

పరుగున ల్యాబుకు వచ్చి గుండ్ల పెట్టె తెరిచాడు. ఆరు గళ్ళు. స్టాండుకు ఉన్నదాంతో కలిపి ఐదు గుండ్లు.

సుగుణకు ఫోను చేశాడు. ఆరో గుండు ఎక్కడ పెట్టిందో పాపను అడగమన్నాడు.

"పాప పలకడం లేదండీ," అంది సుగుణ. గొంతులో కోపం పోయింది. "ఎనభై ఎనిమిదీ పాయింట్ రెండంట. ఇట్లున్నప్పుడు కర్నూలు దాకా కదిలించకూడదంట. మీరు రాండి."

వస్తానని ఫోను పెట్టేశాడు. ల్యాబులో బల్లల కింద, సింకు వెనక, అలమారాల మీద ఇద్దరూ వెతికారు. లేదు. ఇంట్లో ఉంటే సుగుణ కంట పడేది. పురుషోత్తం మళ్ళీ రికార్డు తెరిచాడు. రెండో పట్టిక కింద తన ఎర్ర సిరా మాటలు ఇంకా రెండు ఉన్నాయి. 'ఫ్యాను గాలి తగిలి ఉంటుంది. గాలి లేని చోట చెయ్యి.'

పేజీ తిప్పాడు. సెలవుల ముందు రోజు తారీఖు. ఆ సాయంత్రం రికార్డు గుట్టలో పెట్టి వెళ్ళి ఉంటుంది. ఆయన అసలు చూడనే లేదు.

'మూడోసారి. గాలి లేని చోట. పొడవు నూరు సెంటీమీటర్లు. నూటయాభై ఊపులు లెక్కపెట్టాను. ఊపు ఇంకా పెరుగుతోంది. బాగా చలిగా ఉంది. అది ఆగాక మిగతాది రాస్తాను.'

కింద ఖాళీ గళ్ళు.

వదిలేసిన లోలకం కాసేపటికి తనంతట తనే ఆగిపోతుంది. ఆ అమ్మాయి చదువుకున్నది అదే. చెప్పింది తనే.

"గాలి లేని చోటు యాడుంది ఓబులేసూ?"

ఓబులేసు ముఖం పాలిపోయింది. "డార్క్ రూము సార్. పాప తాళంచెవి అడిగితే ఇచ్చినా. మళ్ళా వేసి తెచ్చిచ్చింది. తొమ్మిది దినాలాయె. ఎవురూ తెరవల్యా."

*

తాళం తీయకముందే చప్పుడు వినిపించింది. చేలో పిట్టల కోసం వడిసెల తిప్పుతున్నట్టు, తలుపు అవతల ఏదో గాలిని కోస్తోంది.

కాంతి ప్రయోగాల కోసం కట్టిన గది అది. కిటికీ లేదు, ఫ్యాను లేదు, గోడలకు నల్లరంగు. టార్చి వెలుగు పడగానే ఓబులేసు రెండడుగులు వెనక్కి వేశాడు. గుండు ఊగడం ఎప్పుడో మానేసింది. పైనున్న కొక్కెం చుట్టూ నిలువుగా గిరగిరా తిరుగుతోంది. గాలపు దారం ఉందో లేదో కనిపించనంత వేగం. దాని దారికి అడ్డొచ్చిన బల్ల అంచు నమిలినట్టు అరిగిపోయింది. గోడలో వేలు పట్టేంత గాడి పడింది.

ఇంట్లో రెండు రగ్గుల కింద వణికిన పిల్ల. ఈ చీకట్లో తొమ్మిది రోజులుగా ఇది.

గుమ్మానికి వేలాడే మందపాటి నల్ల తెరను లాగి, పురుషోత్తం దాన్ని గుండు దారిలోకి విసిరాడు. తెర ఎగిరి చుట్టుకుంది. దారం పట్‌మని తెగింది. గుండు బట్టను చీల్చుకుని ఆయన చొక్కా జేబుకు తగిలింది. జేబులో సెల్‌ఫోను ముక్కలై, ఊపిరి ఆగినంత పనైంది. పోతే పోయింది, దారం తెగింది కదా అనుకున్నాడు.

గుండు ఆగలేదు. కాలిన పెనం మీద నీటిబొట్టులా నేల మీద చిందులేసింది. గోడకు కొట్టుకుని మళ్ళీ వచ్చింది. పురుషోత్తం దాని మీద బోర్లా పడి, పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చి పిడికిట్లో బిగించాడు.

పక్క గదిలో మర తిప్పి బిగించే ఇనుప పట్టకారున్న బల్ల ఉంది. దాని దవడల మధ్య గుండును పెట్టి ఓబులేసు బిగించాడు. నున్నటి గుండ్రటి రాయి, రెండు చుక్కల దగ్గరే ఆనింది. బిగించేకొద్దీ కొట్టుకుని, సబ్బుముక్కలా జారి ఎగిరింది. పురుషోత్తం మళ్ళీ పట్టుకున్నాడు. పిడికిట్లో ఉన్నప్పుడు మాత్రం అది కాస్త నెమ్మదించింది. వేళ్ళలోంచి వేడి నేరుగా దొరుకుతోంది కాబోలు.

సైకిల్ షెడ్డు దగ్గర కొత్త గోడ కడుతున్నారు. గుండును పిడికిట్లోనే పట్టుకుని పురుషోత్తం అక్కడికి నడిచాడు. మేస్త్రీ భోజనానికి పోయాడు. ఓబులేసు సిమెంటు కలిపి బకెట్టు నింపాడు. రాయిని అందులో పడేశారు. అది తడి సిమెంటును కవ్వంలా చిలికింది. అలా చిలుకుతుంటే సిమెంటు ఏనాటికీ గట్టిపడదు.

ఓబులేసు తన ఫోను తీసి ఆస్పత్రిలో ఉన్న సుగుణకు చేశాడు. పాత బటన్ల ఫోను, చెవికి ఆనించిన వాళ్ళకే వినబడుతుంది. విని, దించాడు.

"ఎనభై ఏడంట సార్."

పురుషోత్తం బకెట్టులో చెయ్యి పెట్టి రాయిని వెతికి పట్టుకున్నాడు. పిడికిలి బిగించి, మోచేతి కింది దాకా సిమెంటులోకి దించాడు.

"ఇంకో గంపెడు పొయ్యి. చెయ్యి చుట్టూ కూరు."

"సార్, చెయ్యి తీయకుంటే..."

"గట్టిపడే దాకా ఎవురో ఒకరు దీన్ని కదలనీయకుండా పట్టుకోవల్ల. పొయ్యి."

*

మొదటి అరగంట నొప్పి. ఆ తర్వాత మంట. ఇంకాసేపటికి వేళ్ళ సంగతి తెలియడం మానేసింది. అదే ఆయన్ను భయపెట్టింది. పిడికిట్లో రాయి కొట్టుకుంటోందో ఆగిందో ఇక చెయ్యి చెప్పదు. చెప్పగలిగింది ఊరవతల ఆస్పత్రి మంచం మీద ఉన్న థర్మామీటరు ఒక్కటే.

పదేసి నిమిషాలకు ఒకసారి సుగుణ చదవాలి, ఓబులేసు విని మృదుల రికార్డులో, ఆమె వదిలేసిన ఖాళీ గళ్ళలో రాయాలి. అలా అని పురుషోత్తమే చెప్పాడు. ఎందుకో సుగుణకు చెప్పే ఓపిక లేదు. సారు పాప కోసమే ఒక పని మీద ఉన్నారని మాత్రం ఓబులేసు చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదట.

ఓబులేసు చెవికి ఫోను ఆనించుకుని విని, రాసి, పైకి చెప్పాడు. ఎనభై ఎనిమిది. పది నిమిషాలకు ఎనభై ఎనిమిదిన్నర. తర్వాత ఎనభై తొమ్మిది. ఎనభై తొమ్మిదిన్నర. తొంభై.

"పాపకు తిరుక్కునింది సార్. ఇంక చెయ్యి తీద్దాం. సిమెంటు ఇంకా మెత్తగానే ఉండాది, ఇప్పుడైతే వస్తుంది."

పురుషోత్తం ఒళ్ళంతా వదులైంది. మోచెయ్యి పైకి లాగబోయాడు. సిమెంటు కొద్దిగా కదిలింది. అప్పుడే ఆ ఐదు అంకెలు ఆయన తలలో వరసగా నిలబడ్డాయి. ఎనభై ఎనిమిది, ఎనభై ఎనిమిదిన్నర, ఎనభై తొమ్మిది.

లాగడం ఆపాడు.

"పుస్తకం ఇటు చూపించు."

ఓబులేసు చూపించాడు. ఐదు రీడింగులు. ఒక్కోటి సరిగ్గా అర డిగ్రీ. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. ఇరవై రెండేళ్ళుగా ఏడాదికి నలభై రికార్డుల చొప్పున ఇలాంటి అంకెల మీద టిక్కు పెట్టాడాయన. నిజంగా కొలిచినవి ఇంత చక్కగా ఎప్పుడూ ఉండవు. ఆ సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసు.

"ఓబులేసూ, ఇవి నీ రీడింగులు. పాపవి చెప్పు."

ఓబులేసు నేల మీద కూలబడ్డాడు. ముఖం తిప్పుకున్నాడు.

"మీ చెయ్యి మోచేతి దాకా నల్లబడింది సార్. ఎట్ల చూస్తాండమంటారు నన్ను?"

"చెప్పు."

"ఎనభై ఏడూ పాయింట్ ఒకటి. దాని తర్వాత ఎనభై ఆరూ పాయింట్ తొమ్మిది." వేళ్ళు మడుస్తూ గుర్తుచేసుకుని చెప్పాడు. "ఎనభై ఆరూ పాయింట్ ఆరు. ఎనభై ఆరూ పాయింట్ నాలుగు. ఎనభై ఆరూ పాయింట్ నాలుగు."

ఇందాకే చెయ్యి తీసి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ అర్థమైంది.

పురుషోత్తం ఎడమచేత్తో బకెట్టును కావలించుకున్నాడు. గడ్డం దాని అంచుకు ఆనించాడు. లేని వేళ్ళను బిగించినట్టు ఊహించుకున్నాడు. భుజం నుంచి మొదలై, చలి మెడ మీదికి పాకుతోంది. వణుకుతో బకెట్టు కదిలితే మొత్తం పోతుంది. ఓబులేసును బకెట్టు మీద బరువు వేసి కూర్చోమన్నాడు. అతను ఒక చేత్తో ఫోను, మోకాలి మీద పుస్తకం, రెండు కాళ్ళ మధ్య బకెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రీ తిరిగొచ్చి ఎదురుగా నిలబడి ఏందప్పా ఇది అని అడిగితే, గట్టిపడే మందు ఏమైనా ఉంటే తీసుకురమ్మని పంపాడు. అతను తెచ్చిన పొడి కూడా కలిపి చుట్టూ కూరారు.

ఎనభై ఆరూ పాయింట్ ఐదు.

"రాసినావా?"

"రాసినా సార్. పాయింట్ ఐదు."

ఎనభై ఆరూ పాయింట్ మూడు. ఎనభై ఆరూ పాయింట్ ఆరు. ఎనభై ఆరూ పాయింట్ తొమ్మిది. పైన ఎండ షెడ్డు రేకుల మీదినుంచి గోడ మీదికి జారింది. సిమెంటు పై పొర రంగు మారింది. ఓబులేసు వేలితో పొడిచి చూశాడు. వేలు దిగలేదు.

ఎనభై ఏడూ పాయింట్ మూడు. ఎనభై ఏడూ పాయింట్ ఏడు. ఎనభై ఎనిమిదీ పాయింట్ ఆరు.

అక్కడ ఓబులేసు ఆగాడు. ఫోను చెవికి అలాగే ఉంది, పెదవులు మాత్రం కదలలేదు. పురుషోత్తం కళ్ళు మూసుకునే అడిగాడు, ఎంతని.

"ఎనభై ఎనిమిదీ పాయింట్ నాలుగు సార్. తగ్గింది."

ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో పురుషోత్తానికి వినబడింది. ఈసారి అతని మీద అనుమానం రాలేదు. "రాయి," అన్నాడు.

పది నిమిషాలు. కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే సైకిళ్ళు తీసుకుపోతూ, బకెట్టు ముందు కూర్చున్న సారును చూసి దాటిపోతున్నారు. పొద్దున క్లాసులో నవ్విన కుర్రాడు ఒక్క నిమిషం నిలబడి, ఏమైనా తేవాలా సార్ అని అడిగి, ఓబులేసు తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయాడు.

ఎనభై తొమ్మిదీ పాయింట్ ఒకటి. ఎనభై తొమ్మిదీ పాయింట్ ఎనిమిది. తొంభై పాయింట్ తొమ్మిది.

ఓబులేసు ఫోను దించి, మళ్ళీ చెవికి పెట్టుకుని, మళ్ళీ విన్నాడు. "పాప కళ్ళు తెరిచిందంట సార్. నీళ్ళడిగిందంట."

పురుషోత్తం బకెట్టు అంచు మీదినుంచి తల ఎత్తాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుడి భుజం కింద ఉన్నది ఇక తనది కాదని ఆయనకు తెలుసు. సుత్తి, ఉలి తెమ్మంటారా అని ఓబులేసు అప్పటికే లేవబోయాడు.

"కూర్చో," అన్నాడు పురుషోత్తం. "ఇంకో మూడు రీడింగులు తీసుకో. ఎంత వస్తే అంతే రాయి. ఆ తర్వాత ఉలి తెద్దువు గానీ."